ఎత్తు ప్రకారం సర్దిన పుస్తకాలు

మనవరాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన పాత పుస్తకం నుంచి కలరా ఉండల వాసన, దాని కింద తడిసి ఆరిన అట్ట వాసన ముక్కుకు తగిలాయి. ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేస్తోంది అది. పది పుస్తకాల కోసం క్యాంపస్ గ్రంథాలయానికి పోతే రెండు దొరుకుతాయి, మిగతా ఎనిమిదింటి కోసం నెల రోజులుగా రాకుల మధ్య తిరిగి తిరిగి, మొహం వేలాడేసుకుని ఇంటికొస్తోంది.

"కంప్యూటర్ల ఉన్నదనే చూపిస్తది అమ్మమ్మా, రాక్‌ల మాత్రం ఉండదు. ఎవడు ఎత్తుకపోతడో!" అని చెప్పులు ఒక మూలకు విసిరింది.

ఎవడూ ఎత్తుకుపోనక్కరలేదు. పుస్తకం గదిలోనే ఉండి కూడా ఎట్లా పోతుందో నాకు తెలుసు. ఒక వరస మొత్తం అట్లా పోగొట్టినదాన్ని నేను.

మా అమ్మ ఆ గ్రంథాలయంలో ఊడ్చేది, పుస్తకాల దుమ్ము దులిపేది. తార్నాక వెనక బస్తీలో ఒక్క గది మాది. నాన్న లేడు, ఇంట్లో వదిలితే నన్ను చూసేవాళ్లు లేరు, బడికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, కాబట్టి పొద్దున్నే సద్దన్నం డబ్బా పట్టుకుని అమ్మ వెంట నేనూ పోయేదాన్ని. ఎండాకాలంలో బయట తారు కరుగుతుంటే లోపల రాకుల మధ్య గచ్చు చల్లగా ఉండేది, దాని మీద బోర్లా పడుకుని గచ్చకాయలాడేదాన్ని. వానాకాలంలో కిటికీల్లోంచి వేపాకుల తడి వాసన వచ్చి పాత కాగితపు వాసనలో కలిసేది. గ్రంథాలయం చూసుకునే పెద్ద సార్ పిల్లిలా నడిచి వచ్చి, ముక్కుపొడుం పీల్చి, మూడుసార్లు గట్టిగా తుమ్మి, ఆ తర్వాత చప్పుడు చెయ్యొద్దని మమ్మల్ని కసిరేవాడు.

దసరా సెలవుల్లో చదువుకునేవాళ్లు ఉండరు కాబట్టి పుస్తకాలన్నీ దింపి తుడవాలి. ఆ ఏడు ఇంట్లో అప్పుడే ఇత్తడి గిన్నెలు చింతపండుతో తోమి, చెక్క మీద పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది పేర్చి, మెరుపు చూసుకుని మురిసి, బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు రెండు కొంగున కట్టుకుని పనికొచ్చాం. ఆ చేతులతోనే ఇంగ్లీషు పుస్తకాల వరస తుడిచి, పొడుగువి ఆ చివర, పొట్టివి ఈ చివర, అచ్చం గిన్నెల్లాగే పేర్చాను. వెన్నుల మీద అంటించిన అంకెలు అలంకారానికనుకున్నాను. అమ్మ నడుం మీద చెయ్యేసుకుని చూసి, "గిప్పుడు సక్కగున్నది బిడ్డా. ఇన్నేండ్లు ఎవ్వలికీ తోచకపాయె" అని మెచ్చుకుంది.

సెలవులయ్యాక, కాచిగూడ నుంచి బస్సులో వచ్చే కోస్తా మేడమ్ ఒకావిడ, పరిశోధన చేసేది, ఏ పుస్తకం ఏ అంకె దగ్గరుంటుందో చెప్పే చెక్క సొరుగుల్లోని కార్డులు చూసుకుని మూడు రోజులు వెతికి పెద్ద సార్ దగ్గరికి వెళ్లింది.

"కార్డుందండీ, పుస్తకమే లేదు. నా ఆఖరి అధ్యాయం అంతా దాని మీదే. ఈ నెలాఖరుకి ఇచ్చెయ్యాలి."

సార్ వచ్చి, మెట్లలా దిగుతున్న ఆ వరస చూశాడు.

"ఎవరు చేసిన్రు ఇది?"

"నేనే సార్" అంది అమ్మ. నేను గుడ్డ పట్టుకుని ఆమె వెనకే ఉన్నాను. గుడ్డను వీపు వెనక్కి దాచుకున్నాను.

"శనివారం లోపట ఆ పుస్తకం నా బల్ల మీద ఉండాలె. లేకుంటే సోమవారం పనికి రాకు."

మేడమ్ చీటీ మీద అంకెలు రాసిచ్చింది. మా ఇద్దరికీ ఒక్క అంకె రాదు. చీటీని ఒక్కో పుస్తకం వెన్నుకు ఆనించి, ఈ గీత ఇట్లాగే వంగిందా, ఈ సున్నా ఇక్కడే ఉందా అని పోల్చుకుంటూ రెండు రోజులు మోకాళ్ల మీద జరిగాం. శనివారం మధ్యాహ్నం, పొట్టి పుస్తకాల చివర, వేలెడంత సన్నది నాకు దొరికింది.

మేడమ్ దాన్ని గుండెకు హత్తుకుని, "పిల్లకి చూపు భలే ఉందమ్మా. బళ్లో వెయ్యి, నేను మాట్లాడతాను" అంది.

"వద్దమ్మా, మీకు దండం పెడత. మల్ల దీన్ని పుస్తకాల జోలికి పోనియ్య" అంది అమ్మ.

పని పోలేదు. లోపలి పని పోయింది. సోమవారం నుంచి అమ్మకు బయటి రోడ్డు ఇచ్చారు. ఎండలో వానలో ఆకులు ఊడ్చి ఊడ్చి ఆమె నడుం వంగిపోయింది. నేను నలభై దాటాక గానీ అక్షరాలు దిద్దుకోలేదు. తప్పు నాదైతే నువ్వెందుకు మీదేసుకున్నావని అమ్మను అడగడానికి బోలెడన్ని ఏళ్లు ఉండె. అడగలేదు. ఆమే పోయింది.

మొన్న మనవరాలి వెంట క్యాంపస్‌కు పోయాను. సొరుగులు లేవు, తుమ్మే సార్ లేడు, చల్లటి గచ్చు మీద టైల్స్ వేశారు. పిల్లలంతా ఉద్యోగ పరీక్షల పుస్తకాలు ఎవరివి వాళ్లు తెచ్చుకుని చదువుతున్నారు. ఇంగ్లీషు వరసలో నా మనవరాలు తప్ప మనిషి లేదు. నిలబడే ఓపిక లేక బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఆకుపచ్చ కోటు తొడుక్కున్న ఒకామె ఆకులు ఊడ్చుకుంటూ వచ్చింది.

"ఎప్పుడన్న లోపటికి పోయినవా?" అని అడిగాను.

"లోపట నాకేం పనమ్మా? జెర కాళ్లు తియ్యి" అంది.

తీశాను.