గుట్ట అవతలి వాన

మా ఊరు భానూర్‌కు దగ్గర. ఊరికి పడమట రాళ్ళగుట్ట ఒకటి అడ్డంగా ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు మబ్బులు అటునుంచే వచ్చేవి. గుట్టకు తగిలి, పైకి లేచి, నల్లబడి, ఉన్న నీళ్ళన్నీ అవతలే కుమ్మరించేవి. మా దాకా చల్లగాలి ఒక్కటే వచ్చేది. మా నాయన ఆ గుట్టను దాయాదిని తిట్టినట్టు తిట్టేవాడు.

ఎనభైల్లో ఓ ఎండాకాలం నన్ను చూసుకోవడానికి జోగిపేట వాళ్ళు వస్తామన్నారు. అబ్బాయికి పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. నేను కుట్టుపని నేర్చుకోవడానికి పోయే బస్సులోనే అతనూ ఎక్కేవాడు. ఒక్క మాటా మాట్లాడుకోలేదు గానీ, చేసుకుంటే ఈ మనిషినే చేసుకోవాలని నేనెప్పుడో అనుకున్నాను. ఆ సంగతి ఇంట్లో చెబితే ఇంకేమైనా ఉందా!

మధ్యాహ్నం వస్తామన్నవాళ్ళు పొద్దు వాలుతున్నా రాలేదు. గారెలు చల్లారిపోయాయి. అమ్మ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. నాయనకు కోపం నషాళానికెక్కింది.

“మాటంటే లెక్కలేనోళ్ళ ఇంట్ల పిల్లనెట్లిస్త? ఈ సంబంధం వద్దు. రేపే కబురు పెడత.”

బయటికి పరుగెత్తాను. మా వాకిట్లో దుమ్ము లేస్తోంది. గుట్ట వెనక మాత్రం ఆకాశం కాటుకలా ఉంది.

“నాయనా, గుట్ట అవతల వాన దంచుతున్నది. వాగొచ్చి ఆగిపోయిండ్రేమో.”

“ఈడ చుక్క పడలే, వానేందే?”

నాకు ఒళ్ళు మండింది. “మన వానంత గుట్ట అవతలోళ్ళకే పోతదని రోజూ మొత్తుకునేది నువ్వే గదా! ఇయ్యాల్నే మర్చిపోయినవా?”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన నావైపోసారి, గుట్టవైపోసారి చూసి, బండి కట్టుకుని వాళ్ళకెదురు పోయాడు.

మసక చీకట్లో బండి తిరిగొచ్చింది. అందరూ తడిసి ముద్దయ్యారు. పెళ్ళికొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా బురదతో దిగాడు. వాగు పొంగి బస్సు ఆగిపోయిందట. వెనక్కి పోదామని పెద్దలంటే ఇతనే ససేమిరా అన్నాడట. ఆ మాట తలుపు చాటునుంచి విని నేను మురిసిపోయాను.

నాయన తన పంచె ఇస్తే అతను కట్టుకుని, చాపమీద కూర్చుని, తుమ్ముకుంటూనే గారెలు తిన్నాడు. నేను చాయ్ తెచ్చాను. “పిల్ల నచ్చిందా బిడ్డా?” అని అతని తల్లి అడిగితే తలూపాడు. అక్కడితో అయిపోవాలి. మా వైపు పిల్ల ఇష్టం ఎవరూ అడగరు.

నాయన నావైపు తిరిగాడు. “నువ్వు గూడ చెప్పు బిడ్డా. నువ్వు గుట్ట సంగతి అనకపోతే నేను పోయేటోణ్నే కాదు. నీకు నచ్చిండా?”

అంతమందిలో సిగ్గుపడటానికి కూడా తీరిక దొరకలేదు.

“నచ్చిండు నాయనా” అన్నాను. గట్టిగానే అన్నాను.