కాలువ అవతలి నెట్

మా తోటికోడలి ఇల్లు కాలువకు అవతల, మాది ఇవతల. మధ్యలో చిన్న వంతెన. నరసాపురంలో ఇద్దరమూ లేసు అల్లి అమ్ముకునేవాళ్ళమే. ఆమె నాకంటే చిన్నది. సూది పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. అలాంటి మనిషి మీద నాకు అసూయ పుట్టింది చీరల వల్లా కాదు, నగల వల్లా కాదు. ఇంటర్నెట్ వల్ల.

సరుకు కొనే షాపుల వాళ్ళు ఇప్పుడు ఊరికి రావడం లేదు. వీడియో కాల్ చేస్తారు. నల్లగుడ్డ మీద లేసు పరిచి, ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాలి. నచ్చితే ఆర్డరు. నేను గుడ్డ పరిచేసరికి బొమ్మ ఆగిపోయేది. బెంగళూరు షాపావిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేది. కాసేపటికి "మళ్ళీ చేస్తానండి" అనేది. ఆ మళ్ళీ చేసేది నాకు కాదు, కాలువ అవతలికి.

అవతల నెట్ ఇచ్చే పాత కేబులాయనకు పోటీగా ఒక కొత్త కంపెనీ లైను వేసింది. ఆ రోజు నుంచి అక్కడి జనానికి మగపెళ్ళివారి మర్యాదలే. ఒకసారి నేను వెళ్ళేసరికి మా తోటికోడలి గుమ్మంలో కేబులాయన నిలబడి, "స్పీడు సరిపోతుందా అమ్మా, పెంచమంటారా?" అంటున్నాడు. అడక్కుండానే. నాకు కళ్ళు కుట్టాయి.

మా వైపు కేబులాయన వేరు. వాళ్ళిద్దరూ ఏనాడో మాట్లాడుకుని కాలువను సరిహద్దు పెట్టుకున్నారు. కొత్త కంపెనీ వంతెన దగ్గరే ఆగిపోయింది. దాంతో మా వాడికి ఎదురు లేదు. ఫోన్ చేస్తే "వానలు కదండి" అనేవాడు. వేసవిలో చేస్తే "ఎండకి బాక్సు వేడెక్కిందండి" అనేవాడు. "అవతల ఎండ కాయదా ఏంటండి?" అని అడిగితే, "చూద్దాంలెండి" అని పెట్టేసేవాడు.

"మా ఇంటికొచ్చి మాట్లాడుకో అక్కా, దానికేముంది" అనేది మా తోటికోడలు. మంచి మనసుతోనే అనేది. అందుకే ఇంకా మండేది. ఆమె వైఫైతో నా లేసు అమ్ముకోవాలా? వెళ్ళలేదు.

ఇంతలో బెంగళూరు ఆవిడ పెద్ద కబురు చెప్పింది. ఏదో హోటల్లో బల్లలన్నిటికీ లేసు గుడ్డలు కావాలట. మా ఇద్దరి పనీ చూసి ఒకరికి ఇస్తుందట. అది వస్తే నాకే కాదు, మా వీధిలో ఆడవాళ్ళందరికీ పనే. ఎప్పుడూ లేసు పువ్వులు వాళ్ళ చేత అల్లించి, అన్నీ నేను అతికేదాన్ని. మా తోటికోడలు మాత్రం మొదటి కుట్టు నుంచి అంచు దాకా ఒక్కతే అల్లుతుంది. నత్తనడక పని అని నేను నవ్వేదాన్ని.

వంతెన దాటి కొత్త కంపెనీ ఆఫీసుకి వెళ్ళి, "మా వీధంతా మీ లైనుకి మారిపోతుందండి" అని ఒక మాట వేసి వచ్చాను. వాళ్ళ మనిషి వచ్చి మా మలుపు స్తంభానికి నిచ్చెన వేసి, అటూ ఇటూ చూసి, నా టీ తాగి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ నిచ్చెన చాలింది. మర్నాడు మా కేబులాయన కొత్త బాక్సు చంకన పెట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"ఏంటండి, ఒక్క మాట చెప్పకుండా… మీరు మా పాత కస్టమరండి" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను చెప్పినవి మాటలు కాదన్నమాట. సాయంత్రానికి కొత్త తీగ లాగేశాడు. వానలూ ఎండలూ ఒక్క నిచ్చెనకి జడిసి పారిపోయాయి.

బెంగళూరు ఆవిడ కాల్ చేసింది. బొమ్మ ఆగలేదు. గుడ్డ మూలమూలలా చూపించాను, గర్వంగానే.

"ఇప్పుడు చాలా బాగా కనపడుతోందండి" అంది ఆవిడ. కాసేపు చూసింది. "ఈ పువ్వులు బిగువుగా ఉన్నాయి, అవి వదులుగా ఉన్నాయి. నాలుగైదు చేతులు పడ్డట్టున్నాయి కదండి?"

ఏదో సర్దిచెప్పాను. ఆవిడ మర్యాదగానే విన్నది. ఆర్డరు మాత్రం కాలువ అవతలికే వెళ్ళింది. ఈసారి తిట్టుకోవడానికి నెట్ తప్పు కూడా లేకుండా పోయింది.

వారం తిరక్కుండా మా తోటికోడలు ఫోన్ చేసింది. "అంత పని ఒక్కదాన్నీ చెయ్యలేనక్కా. పువ్వులు నువ్వు అల్లిపెడతావా?" సరేనన్నాను. పని కావాలి మరి.

మొదటి పువ్వు అయ్యాక వీడియోలో చూపించమంది. నల్లగుడ్డ పరిచాను. ఆమె ముఖం అద్దంలో చూసినంత స్పష్టంగా ఉంది. ముక్కుపుడక రాయి కూడా మెరుస్తోంది.

"కొంచెం బిగించాలక్కా" అంది మెల్లగా. "విప్పి మళ్ళీ అల్లు, నేను చూస్తుంటా."

లైను తెగిపోతే బాగుండుననుకున్నాను. తెగలేదు. సూది తీసి, ఆమె చూస్తుండగానే విప్పడం మొదలుపెట్టాను.