సుద్ద అంటని చేతులు

భావనపాడు బడిలో సైన్సు చెప్పే మోహనకృష్ణ మేస్టారికి పాఠం అవగానే అరచేతులు దులుపుకోవడం అలవాటు. గోడకి పెద్ద టీవీ బిగించాక ఆయన సుద్దముక్క ముట్టిందే లేదు, అయినా దులుపుతూనే ఉంటారు. తను చెబుతుంటే కునుకు తీసే పిల్లలు టీవీ పెడితే రెప్ప వెయ్యరు. దానికి సంతోషించాలో బాధపడాలో ఆయనకి తేలదు.

మొన్న ఆటుపోట్ల వీడియో సగంలో ఉండగా కరెంటు పోయింది. సుద్దముక్క వెతికి, బోర్డు మీద చందమామనీ సముద్రాన్నీ గీసి, మిగతాది ఆయనే చెప్పారు. ఒక్కరూ కునకలేదు. చివర్న వెనక వరసలోంచి రాణి లేచింది.

"టీవీలో ఉన్నాదంతా మీకూ తెలుసేటి మేస్టారూ? మరిన్నాళ్లూ సెప్పనేదేటి?"

పోయిన వారం ఆయన నోటితో చెప్పింది ఆ పాఠమే. మేస్టారు చేతులు దులుపుకున్నారు. ఈసారి సుద్ద రాలింది.