నర్సవ్వ కాపలా

రంగులేసే అతను హాల్లో గోడ గీకుతున్నాడు. ఆ గరగరకూ, తడి సున్నం వాసనకూ వంటింట్లోంచి లేచి వచ్చాను. తలుపు పక్కన, మోకాలెత్తు దాటాక ఒకదాని మీద ఒకటిగా ఉన్న పెన్సిలు గీతలు చూపించి, "పిల్లల ఎత్తు కొలిసిన్రా సార్?" అని అడిగాడు. "లేదయ్యా, అవి నావే" అన్నాను. అతను నన్ను కిందినుంచి పైదాకా చూసి మళ్ళీ గీకుడులో పడ్డాడు. ఆ గీతలు గీసింది మా ఎదురింటి నర్సవ్వ. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఆమె అవి గీసినప్పుడు నాకు యాభై ఎనిమిదేళ్ళు. పటాన్‌చెరులో పంపులు చేసే ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌ని. ఆదివారమొస్తే బూట్లు, తాడు పట్టుకుని బండలెక్కడం నా పిచ్చి. ముప్పై ఏళ్ళు ఎక్కీ ఎక్కీ భుజంలో కండ అరిగిపోయిందట. చివరికి అటక మీది బియ్యం డబ్బా దించబోతే పుటుక్కున తెగింది. బండ మీద తెగినా చెప్పుకోవడానికి కాస్త గౌరవంగా ఉండేది! డాక్టరు దాన్ని కుట్టి, చెయ్యిని మెడకు వేలాడదీసి, "ఆర్నెల్లు బండల జోలికి పోవద్దు. ఇది మళ్ళీ తెగితే కుట్టడానికి ఏమీ మిగలదు" అన్నాడు. అంటే, ఇంకోసారి తెగితే ఇక జన్మలో ఎక్కలేనని.

మా ఆవిడ సంగారెడ్డిలో టీచరు. పొద్దున్నే బస్సెక్కాలి. నా మాట మీద ఆవిడకు బొత్తిగా నమ్మకం లేదు కాబట్టి నర్సవ్వను కాపలా పెట్టింది. నర్సవ్వకు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు లక్డారం దగ్గర క్వారీలో రాళ్ళు కొట్టింది. చదువుకున్నవాళ్ళకు పిచ్చి ముదురుతుందనడానికి ఆమె దృష్టిలో నేనే సాక్ష్యం.

"గా గుట్ట మీద ఏమున్నయి కొడుకా? సీతాఫలాలున్నయా?"

"ఏం లేవవ్వా."

"మల్ల ఎందుకెక్కుడు?"

"ఎక్కితే బాగుంటుంది."

"మేము బండల మీద కూలి చేసి చేసి సచ్చినం. కూలి ఇయ్యకున్నా ఎక్కెటోణ్ణి నిన్నొక్కణ్ణే సూస్తున్న!"

ఫిజియోథెరపీ అమ్మాయి ఒక వ్యాయామం నేర్పింది. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళను సాలీడులా పైకి నడిపించి, అందినచోట గీత పెట్టాలి. కానీ ఎక్కేవాడి ముందు గోడ పెడితే వాడి బుద్ధి ఊరుకుంటుందా? మడమలు లేపాను. నడుము తిప్పి గోడకు ఆన్చాను. నాలుగో రోజు ఒక కాలు గడప మీద కూడా వేశాను. గీత అడుగు పైకి పోయింది. నాకు గర్వంగా ఉంది. నర్సవ్వ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆపరేషన్ సెయ్యికి గదా? కాళ్ళెందుకు లేస్తున్నయి?" అంది తలెత్తకుండానే. తర్వాత లేచి, నేను గీసిన గీతలన్నీ తడిగుడ్డతో తుడిచేసి, పీట వేసి, "కూసో" అంది. కూర్చుని వేళ్ళు నడిపిస్తే చెయ్యి ఛాతీ ఎత్తు దాటలేదు. "గిది నిజం" అని ఆమే గీత గీసింది. అప్పట్నుంచి పెన్సిలు ఆమె కొంగుముడిలోకి పోయింది.

పదో వారానికి చెయ్యి తల దాటింది. ఇక ఆగలేకపోయాను. మా ఆవిడ బడికి వెళ్ళగానే కూరగాయల సంచిలో బూట్లు పెట్టి, పైన తోటకూర కట్ట కప్పి గేటు తీశాను. ఎదురుగా నర్సవ్వ.

"అంగడికి పోంగ కూర తీస్కపోతున్నవేంది?"

దొరికిపోయాను. తిడుతుందనుకున్నాను. కానీ, "నడువు, నేను గూడ వస్త" అని చెప్పులేసుకుంది. ఇద్దరం ఆటోలో రుద్రారం దాటాక ఉన్న గుట్ట దగ్గర దిగాం. నేను బూట్లు కట్టుకుని బండ మీద చెయ్యి వేశాను.

"జెర ఆగు. ఇటు సూడు" అంది.

తన కుడి చెయ్యి మెల్లగా పైకెత్తింది. అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. మెడ వంగింది, పళ్ళు బిగుసుకున్నాయి, చెయ్యి మాత్రం కదల్లేదు. ఇన్నేళ్ళు ఎదురింట్లో ఉండి నేనది గమనించనే లేదు.

"క్వారీల బండ మీదికెల్లి పడ్డ. రెండు నెలలు పని చెయ్యొద్దన్నరు. పదిరోజులకే గంప ఎత్తిన. అప్పటిసంది నా కొప్పు నేను ముడుసుకోలే, కోడలు ముడుస్తది. నేనంటే ఇంట్ల గింజల్లేక పోయిన. నీకేమొచ్చింది కొడుకా?"

సిగ్గుతో చచ్చిపోయాను. బూట్లు విప్పుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇగ ఏడ్వకు. ఆటోవాడు నేను గొట్టిన అనుకుంటడు" అంది.

ఎనిమిదో నెలలో డాక్టరు సరేనన్నాక మళ్ళీ అదే బండ దగ్గరికి వెళ్ళాం. నర్సవ్వ రాకుండా ఉంటుందా? పన్నెండడుగుల బండ ఎక్కేసరికి నా ప్రాణం లేచొచ్చింది. పైన నిలబడి రెండు చేతులూ ఎత్తాను.

"గా కుట్లేసిన సెయ్యి ఇంక జెర లేపు!" కిందినుంచి అరుపు.

లేపాను.

"ఇంక లేపు! నా వంతు గూడ లేపు!"

మోచెయ్యి నిటారుగా అయ్యేదాకా లేపాను. ఆమె ఎడమ చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత, "ఆఁ, సాలు. దిగు ఇగ, ఆకలైతుంది" అంది.

ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాను, మెల్లగా, చిన్న బండలే. పైకి చేరాక ఆ చెయ్యి పూర్తిగా ఎత్తి కాసేపు నిలుపుతాను. కుర్రాళ్ళు నేను గెలిచానని చూపిస్తున్నాననుకుని ఫొటోలు తీస్తారు. చెవి దాకా ఎత్తింది నాది. ఆ పైనదంతా నర్సవ్వ వంతు.