నాలుగు తీగల మాస్టారు

తిరువూరులో జోజప్ప మాస్టారికి కోపం తెప్పించడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఆయన మెడలో వేలాడుతున్న గిటారు వైపు ఓసారి జాలిగా చూసి, "అయ్యో, రెండు తీగలు తెగిపోయినట్టున్నాయే మాస్టారూ" అంటే చాలు. ఈ మాట అన్నవాళ్లలో కూరగాయల కొట్టాయన ఉన్నాడు, విజయవాడ బస్సు కండక్టరున్నాడు, సొంత బావమరిది ఉన్నాడు. ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి వచ్చిన పెద్దాఫీసరు కూడా వేదిక మీదే అనేశాడు. ఆయన్ని ఏమీ అనలేక మాస్టారు ఆ రోజంతా నీళ్లు తాగుతూ గడిపారు. మిగతా అందరికీ మాత్రం ఒకటే జవాబు.

"తెగలేదండీ. ఇది పుట్టిందే నాలుగు తీగలతో. దీన్ని బాస్ గిటారంటారు. ఆవుని చూసి, జెర్రికున్నన్ని కాళ్లు లేవేంటని అడుగుతారా మీరు?"

మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెబుతారు. వయసు యాభై మూడు. ఇంట్లో ఇలాంటి పాత బాస్ గిటార్లు అయిదున్నాయి. అన్నీ ఆయన పెళ్లి కంటే ముందు పుట్టినవే. భార్య కరుణశ్రీ వాటి మీద ఒక్క ఫిర్యాదూ చేయదు గానీ, ఆమె మెచ్చుకోలు మాత్రం ఫిర్యాదు కన్నా గట్టిగా తగులుతుంది. "మీరు వాయిస్తుంటే ఏమీ వినపడదండి. ఆపేస్తే మటుకు ఏదో తక్కువైనట్టుంటుంది" అంటుంది. బాస్ గిటారు గురించి ఇంత సరైన మాట ఇంకెవరూ అనలేదని మాస్టారికి తెలుసు. అది ఆమెకి చెప్పడానికి మనసొప్పదు.

ఈ పిచ్చి తొమ్మిదో తరగతిలో పట్టుకుంది. గుడి పండక్కి, అంటే చర్చి పండక్కి, విజయవాడ నుంచి ఆర్కెస్ట్రా వచ్చింది. జనమంతా పాడే అమ్మాయిని చూస్తుంటే, చోటు దొరక్క స్పీకరు పెట్టెకి ఆనుకుని నిలబడ్డ జోజప్పకి చొక్కా బొత్తాం వణకడం తెలిసింది. ఏంటా అని వెతికితే, వేదిక మీద అందరికన్నా వెనక, లైటు పడని చోట ఒకాయన నాలుగు తీగల గిటారు పట్టుకుని తలొంచుకుని ఉన్నాడు. ఆయన పేరు యేసుబాబు. నలభై ఏళ్లు కావస్తున్నా ఆ బొత్తాం ఇంకా వణుకుతూనే ఉంది.

తరవాత కీబోర్డులొచ్చాయి. ఎడంచేతి రెండు వేళ్లతో బాస్ కూడా వాటి మీదే వాయించేస్తుంటే ఇంకో మనిషికి బస్సు టికెట్టు, భోజనం దండగనుకున్నారు ఆర్కెస్ట్రావాళ్లు. బాస్ గిటార్లన్నీ అటకలెక్కాయి. అలాంటివాటి కబురు తెలిస్తే చాలు, మాస్టారు సెలవు పెట్టి బయల్దేరతారు. జేబులో చిన్న టార్చి, స్క్రూడ్రైవరు. మెడ వెనక ఇనప పలక మీది నంబరు చూస్తారు, తీగలు బిగించే బిరడాలు తిప్పి చూస్తారు, చివరికి వాసన కూడా చూస్తారు.

ఈ తిరుగుళ్లలో ఆయన చూసిన ఘోరాలు చెప్పమంటే గంటసేపు చెబుతారు. ఏలూరులో ఒకరు బాస్ గిటారుని పెరటి తలుపుకి గడియలా అడ్డం పెట్టుకున్నారు. గుంటూరులో ఇంకొకరు మెడ కోసేసి, మిగిలిన చెక్కతో కూరలు తరిగే పీట చేసుకున్నారు. ఆ పీట మీద తరిగిన దొండకాయల వేపుడే మాస్టారికి వడ్డించారు. తిన్నారు, బాగుందన్నారు, బస్సెక్కాక కళ్లు తుడుచుకున్నారు.

అన్నింటికన్నా ఘోరం మళ్లీ రంగేయడం. "పాత గిటారుకి కొత్త రంగంటే ముసలాయన జుట్టుకి నల్లరంగేసి పెళ్లిచూపులకి కూర్చోబెట్టడమే" అంటారాయన. ఈ మాట అంటున్నప్పుడు ఆయన మీసం నల్లగా నిగనిగలాడుతుంటుంది గానీ, అది వేరే సంగతి.

అయిదింటిలో ఆయన ప్రాణం ఒకదాని మీదే ఉంటుంది. జపాన్‌లో తయారైంది, యాభై ఏళ్ల పైమాటే. నడుమ తేనె రంగు, అంచులకి పోయేకొద్దీ మాడిన బెల్లప్పాకం రంగు. అది యేసుబాబు గారిది, ఆ స్పీకరు పెట్టె నాటిదే. ఆర్కెస్ట్రా మూతపడ్డాక యేసుబాబు రెడ్డిగూడెం వచ్చేసి మామిడితోట చూసుకుంటున్నాడని తెలిసి, మాస్టారు మూడేళ్లపాటు ఆదివారం తప్పించి ఆదివారం వెళ్లారు. ముసలాయన మామిడి పూత గురించి మాట్లాడేవాడు, తేనెమంచు పురుగు గురించి మాట్లాడేవాడు, గిటారు ఊసెత్తేవాడు కాదు. మూడో ఏడు ఒకనాడు తనే లోపల్నుంచి తెచ్చి ఒళ్లో పెట్టాడు.

"అమ్మనురా జోజప్పా. ఇస్తాను. ఒకటే మాట. ఇదిగో, ఇక్కడ చూడు."

కుడి ముంజేయి ఆనే చోట, అరచేయంత మేర రంగంతా పోయి లోపలి కర్ర బయటపడింది. ఇరవై ఏడేళ్ల రాపిడికి చింతపిక్కలా నున్నబడింది.

"ఇది నా చెయ్యి. దీన్ని ఇలాగే ఉంచు."

"మా అమ్మ ఆత్మ సాక్షిగా ఉంచుతాను బాబాయ్" అన్నారు మాస్టారు.

అన్నమాట ప్రకారం రెండేళ్లుగా ఉంచారు. మెత్తటి బట్టలో చుట్టి, బీరువాలో పెట్టి, నెలకోసారి తీసి తుడిచి, మళ్లీ పెట్టేసేవారు. ఈ ఏడు గుడి పండక్కి యేసుబాబే కబురు పెట్టాడు. ఒక్కసారి గుళ్లో దాన్ని వాయించమని, వచ్చి వింటానని. కాదనేదేముంది. నవదిన ప్రార్థనలకి రోజూ మోటారు సైకిలు మీద మోసుకెళ్తే దాని మెడకేమవుతుందోనని, మాస్టారు గిటారుని గుళ్లోనే, పూజసామాను గదిలో ఉంచారు. అక్కడే పొరపాటు జరిగింది.

ఆ గుళ్లో పేరు లేని వస్తువుండదు. కుర్చీల వీపుల మీద పేర్లు, గోడ గడియారం ముళ్ల కింద పేరు, చెప్పుల స్టాండుకి పేరు. ఫ్యాను రెక్క రెక్కకీ పేరుంటుంది. తిరుగుతున్నంతసేపూ దాతలెవరో తెలీదు. కరెంటు పోయిందంటే ముగ్గురూ కనిపిస్తారు. ఏటా పండగ ముందు, గుడి వ్యవహారాలు చూసే ఉపదేశి అంతోనయ్య కొత్తగా వచ్చిన వస్తువులన్నీ లిస్టు రాసి ఇస్తాడు, పెయింటరు మరియదాసు వచ్చి అన్నింటికీ పేర్లు రాసి పోతాడు.

పండగ రేపనగా శనివారం మధ్యాహ్నం మాస్టారు గుడికెళ్లేసరికి గిటారు రెండు కుర్చీల మీద వెల్లకిలా పడుకుని ఉంది. దాని మీద తెల్లటి ఎనామిల్ అక్షరాలు, గుండ్రంగా, ముత్యాల్లా.

"కీ.శే. హన్నమ్మ గారి జ్ఞాపకార్థం. కుమారుడు జోజప్ప మాస్టారు, కోడలు కరుణశ్రీ."

మాస్టారు కాసేపు తన తల్లి పేరుని తనే కూడబలుక్కుని చదువుకున్నారు.

"ఏంటిది మరియదాసూ?"

"చెయ్యి తగలనీకండి సార్, ఇంకా ఆరలేదు."

"ఎవడు రాయమన్నాడు నిన్ను?"

"లిస్టులో ఉందండి. ఏడో నంబరు. గిటారు, ఒకటి."

"ఇంత గిటారుంటే సరిగ్గా ఇక్కడే రాయాలా?"

"మిగతా అంతా రంగుంది కదండీ. ఇక్కడే పెచ్చు లేచిపోయి కర్ర బయటపడింది. గరుకు కాగితం పట్టి, లప్పం పెట్టి, రెండు కోట్లు బ్రౌన్ కొట్టాను. అది లిస్టులో లేదు. మీ వస్తువని నేనే చేశాను" అన్నాడు మరియదాసు. మెచ్చుకుంటారేమోనని ఆగాడు కూడా.

రేపు ముసలాయన వస్తాడు. నా చెయ్యి ఏదిరా జోజప్పా అంటే, లప్పం కింద ఉందని చెప్పాలి.

నేరుగా అంతోనయ్య మీదికి వెళ్లారు.

"నేను గిటారు గుడికిచ్చానని నీకెవరు చెప్పారయ్యా?"

"ఎనిమిది రోజుల్నుంచి ఇక్కడే ఉంది కదండీ. ఇచ్చేశారనుకున్నాం. ఫాదర్ గారు ఎంత సంతోషించారో."

"ఇస్తే చెప్పనా?"

"మీలాంటివాళ్లు చెప్పరండీ. కుడిచేత్తో ఇచ్చింది ఎడంచేతిక్కూడా తెలియనివ్వరు."

"తెలియనివ్వకూడదంటే మరి పేర్లు రాయించడమెందుకు?"

అంతోనయ్య దీని గురించి నిజంగానే కాసేపు ఆలోచించాడు. "అది వేరండీ" అన్నాడు. "అయినా మేం సొంతంగా ఏం రాయలేదు. ఎవరి పేరు రాయమంటారని మీ ఇంటికెళ్లి అమ్మగారిని అడిగే రాశాం."

మాస్టారు ఇంటికొచ్చేసరికి కరుణశ్రీ పండగ పిండివంటల్లో ఉంది. ఆయన ముఖం చూసి మూకుడు దించింది.

"బాగా వచ్చిందా?" అంది.

"నన్నొక మాట అడగాలా వద్దా?"

"ఏం అడగాలండీ? మా అన్నయ్య మా నాన్న పేరున గుడికి బీరువా ఇచ్చాడు. అత్తయ్య పోయి నాలుగేళ్లయింది, ఆమె పేరున గుళ్లో ఒక గ్లాసు కూడా లేదు. చూద్దాం చూద్దాం అంటారు మీరు. అయిదున్నాయి కదా, ఇన్నాళ్లకి అమ్మ గుర్తొచ్చి ఒకటి ఇచ్చారేమో అనుకున్నా. నాకే ఏడుపొచ్చింది."

"ఇస్తే నీతో చెప్పనా?"

"కొన్నప్పుడు చెప్పారా?"

లెక్కల మాస్టారికి ఈ లెక్క తెగలేదు. బయటికెళ్లి హార్డ్‌వేర్ షాపులో థిన్నర్ సీసా, దూది కొన్నారు. మళ్లీ గుడికెళ్లి, తలుపు దగ్గరకి వేసుకుని, దూది ముంచారు. ఏ అక్షరంతో మొదలుపెట్టాలి? మొదటినుంచి అయితే అమ్మ. చివరినుంచి అయితే కరుణశ్రీ, అంతకంటే అమ్మే నయం. ఆలోచిస్తుండగా దూది ఆరిపోయింది. మళ్లీ ముంచారు, మళ్లీ ఆరింది. మూడోసారి ఆరాక ఆయనకి తోచింది. అక్షరాలు చెరిపినా గరుకు కాగితం తినేసిన చెయ్యి తిరిగిరాదు. సీసాకి మూత పెట్టేశారు. మరియదాసుని, అంతోనయ్యని, బావమరిది బీరువాని వరసపెట్టి తిట్టుకుంటూ ఇంటికొచ్చారు. థిన్నర్ వాసనకి ఆయనకి అన్నం కూడా సహించలేదు.

ఆదివారం పూజలో గాయక బృందం పక్కన జోజప్ప మాస్టారు గిటారు మీద ఇస్త్రీ చేసిన రుమాలు కప్పుకుని నిలబడ్డారు. రుమాలు జారకుండా మోచేయి పైకెత్తి పట్టుకున్నారు, చంకలో గడ్డ లేచినవాడిలా. యేసుబాబు తెల్ల పంచెలో ముందు వరస కుర్చీలో కూర్చున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. మూడో పాటలో ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ మూసుకున్నాడు. పూజ అయ్యాక కర్ర పొడుచుకుంటూ నేరుగా వచ్చి రుమాలు లాగేశాడు.

చుట్టూ జనం. అంతోనయ్య, బ్రష్షుల సంచీతో మరియదాసు, కొత్త చీరలో కరుణశ్రీ. ముసలాయన వంగి చదివాడు. బొటనవేలితో ఆ మేరంతా తడిమాడు.

"నా చెయ్యేదిరా?"

"తప్పయిపోయింది బాబాయ్. మా అమ్మ సాక్షి అన్నాను. ఆ అమ్మ పేరే దాని మీద..." అన్నారు మాస్టారు.

యేసుబాబు ముఖం ఎర్రబడింది. "తల్లి పేరు రాయించావు. బాగుంది. ఆమె దీన్ని ఒక్కరోజైనా మోసిందా? ఇరవై ఏడేళ్లు మోసినవాణ్ణి నేను. నా పేరేది?"

మరియదాసే ముందుకొచ్చాడు.

"జ్ఞాపకార్థం కదండీ పెద్దాయనా. పోయినవాళ్లకే రాస్తాం."

"పోయాక రాస్తావా?"

"తప్పకుండా రాస్తానండీ. కింద రెండంగుళాలు వదిలే ఉంచాను. తొందరేం లేదు."

"ఎనామిలేనా?"

"ఎనామిలేనండి. నీళ్లు పడినా పోదు."

"సరే అయితే" అన్నాడు యేసుబాబు, పొలం హద్దు తేలినంత తృప్తిగా. అప్పుడు మాస్టారి వైపు తిరిగాడు. "నువ్వేంట్రా, మోచేయి గాల్లో పెట్టి వాయిస్తున్నావు? అందుకే మూడో పాటలో వెనకబడ్డావు. రెండేళ్లయింది నీకిచ్చి, తీగలింకా పెళ్లికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి. వాయించేదుందా, చూసుకోవడమేనా? చెయ్యి ఆనించు. నా చెయ్యి అరగడానికి ఇరవై ఏడేళ్లు పట్టింది. వీడు ఎనామిలంటున్నాడు, నీకింకా ఎక్కువే పడుతుంది."

రెండేళ్లు కంటికి రెప్పలా కాపాడింది ఎవరి కోసం? ఆ మనిషే పెయింటరు పక్షం చేరిపోయాడు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా గిటారు సంచీలో పెట్టి, జిప్పు లాగి, భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చారు.

"మాస్టారూ" అన్నాడు వెనకనుంచి అంతోనయ్య, నెమ్మదిగా, ఒక పొడుగాటి పుస్తకం చాపుతూ. "గుడి సామాను బయటికెళ్తే ఇందులో సంతకం పెట్టాలండి. అందరికీ ఒకటే రూలు."

మాస్టారు అంతోనయ్యని చూశారు. మెట్ల మీద ముసలాయన కరుణశ్రీ ఇచ్చిన అరిసె కొరుకుతూ ఇటే చూస్తున్నాడు. మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. వస్తువు పేరు దగ్గర 'బాస్ గిటారు, తీగలు నాలుగే' అని రాశారు. తీసుకెళ్లేవారి పేరు రాశారు. తిరిగి తెచ్చేదెప్పుడు అన్న చోట ఒక్క క్షణం ఆగి, 'ఆదివారం' అని రాశారు. కోపంగానే రాశారు. ఆ అక్షరాలు కాగితం అవతలి వైపుకి కూడా దిగాయి.