మూత మూస్తే పాడయ్యే కంప్యూటర్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇంజనీరింగ్ పూర్తయి, ఉద్యోగం ఇంకా రాని ఆ ఒక్క ఏడాదీ నాకున్నంత విజ్ఞానం మళ్ళీ ఎన్నడూ లేదు. గాజువాకలో మా బావకి, అంటే అక్క భర్తకి, ఫ్లెక్సీ బ్యానర్ల షాపు ఉండేది. పొద్దున్నే వెళ్ళి అక్కడి పాత కంప్యూటర్ ముందు కూర్చోవడమే నా ఉద్యోగం. అందులో ఒక డిస్కులో బావ డిజైన్లు చేసుకునే పాత విండోస్, ఇంకోదాంట్లో అక్క బిల్లులు కొట్టే కొత్త విండోస్, మూడోదాంట్లో నా చదువు వృథా పోకూడదని నేనెక్కించిన లినక్స్ ఉండేవి. ఇవి చాలక, పెళ్ళిఫొటోలు దాచడానికి మరో డిస్కు. ఆన్ చెయ్యగానే ఏ సిస్టం కావాలో అడిగే మెనూ ఒకటి వచ్చేది. అది నేను పెట్టిందే. "ఒకే పెట్టిలో మూడు కాపరాలెట్టేడు మా తమ్ముడు" అని అక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. (మెచ్చుకోలో, దెప్పో నేనడగలేదు.)

బావ చెల్లెలి పెళ్ళిరోజు పొద్దున ఆ మెనూ రాలేదు. నల్లటి తెర మీద, సరైన బూట్ డ్రైవ్ ఎంచుకోమని ఇంగ్లీషులో ఒక తెల్ల లైను మాత్రం వచ్చింది. రాత్రికి దువ్వాడ ఫంక్షన్ హాల్లో స్టేజీ వెనక కట్టాల్సిన పెద్ద బ్యానర్ డిజైనేమో పాత విండోస్‌లో ఉండిపోయింది. "ఊరందరి పెళ్ళిళ్ళకీ బ్యానర్ నానే ఏసేను. నా సెల్లి పెళ్ళికి లేదంటే తలెక్కడెట్టుకోవాల? ఎదురు షాపోడి కాడికెల్లి అడగమంటావేటి బావా?" అన్నాడు బావ. (నేనాయనకి బావమరిదినే అయినా నన్నూ బావా అనేవాడు. మా వైపు మగాళ్ళిద్దరు ఎదురుపడితే ఇద్దరూ బావలే.) ఏదేమైనా సరే, ఈ పెట్టెను లేపకుండా కుర్చీ దిగనని ఒట్టేసుకున్నాను.

ఏదో వైరు వదులైందేమోనని ముందు మూత ఊడదీశాను. వైర్లన్నీ బాగానే ఉన్నాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే దొంగ దొరికాడు. ఏ డిస్కు నుంచి మొదలవ్వాలో చెప్పే వరుసలో నా మెనూ ఉన్న డిస్కు వెనక్కి పోయి, ఫొటోల డిస్కు ముందుకొచ్చి కూర్చుంది. పెళ్ళిఫొటోల్లోంచి విండోస్ ఎలా లేస్తుంది? వరుస సరిచేసి సేవ్ చేశాను. మెనూ వచ్చింది. "అయిపోయింది బావా!" అన్నాను కాలరెగరేసి.

"ఉండు, మూత బిగించేత్తాను" అంటూ బావ వెళ్ళి గోడ మీద స్విచ్ ఆపేశాడు. షాపు పెట్టకముందు ఆయన ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. కరెంటు ఆపకుండా మిషన్ మీద చెయ్యి వెయ్యకూడదన్నది అక్కడ నేర్చుకున్న పాఠం, ఇప్పటికీ ఇంట్లో మిక్సీ జార్ మార్చాలన్నా ప్లగ్గు పీకుతాడు. మరలు బిగించి, మా ఊరి ఫ్యాక్టరీల నల్లదుమ్మును గుడ్డతో తుడిచి, స్విచ్ వేశాడు. మళ్ళీ అదే నల్లతెర, అదే తెల్ల లైను.

మళ్ళీ మూత తీశాను, వరుస సరిచేశాను, మెనూ వచ్చింది. బావ కరెంటాపి మూత బిగించాడు, మెనూ పోయింది. కేబుళ్ళు మార్చాను, డిస్కుల చోట్లు మార్చాను, మెనూనే కొత్తగా ఎక్కించాను. మూత తీస్తే బాగవుతుంది, మూస్తే పాడవుతుంది. మధ్యలో అక్క తొంగిచూసి "ఏటిరా, డేటేటో పాతది సూపిత్తంది" అంది. "గడియారం సంగతి తర్వాత చూద్దాంలే అక్కా, ఇక్కడ బూట్ డ్రైవ్ గొడవ" అని కసిరాను. "అయితే మూతెయ్యకండానే పని సేసుకోండి" అంది అక్క. బంగారం లాంటి సలహా. కానీ నాకప్పటికే పంతం వచ్చేసింది. చదువుకున్నవాణ్ణి ఒక రేకుమూత ఓడించడమా!

మధ్యాహ్నం పెళ్ళివారిని తీసుకురావడానికి బావ దువ్వాడ స్టేషన్‌కి బయల్దేరాడు. "కరెంటు కోసేసే మూతెయ్యి బావా" అని గుమ్మంలోంచి మరీ హెచ్చరించాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే నేను నా ప్రయోగం మొదలుపెట్టాను. మూత ఏ అంగుళం దగ్గర కొంప ముంచుతోందో పట్టుకోవాలని, కంప్యూటర్ నడుస్తుండగానే, ఊపిరి బిగబట్టి మెల్లగా జరుపుకుంటూ వచ్చాను. పూర్తిగా మూసుకుంది. ఏమీ కాలేదు. రీస్టార్ట్ చేశాను, మెనూ వచ్చింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వచ్చింది. ఇంతలో అక్క చూసి "ఒలమ్మో, కరెంటుండగానే సెయ్యెట్టేసేవేటిరా!" అంటూ పరుగున వెళ్ళి స్విచ్ ఆపేసింది. నన్ను రెండు తిట్టి మళ్ళీ వేసింది. నల్లతెర.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. పాపం, మూత తప్పేమీ లేదు. కరెంటు పోయినప్పుడు ఆ సెట్టింగులను గుర్తుపెట్టుకోవడానికి లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది. అది చచ్చిపోయింది. బావ జాగ్రత్తగా స్విచ్ ఆపిన ప్రతిసారీ కంప్యూటర్ నా కష్టాన్నంతా మరిచిపోతోంది. పక్కవీధి వాచీల షాపుకి పరిగెత్తి కొత్త బ్యాటరీ తెచ్చాను. ఈసారి ప్లగ్గు పీకి మరీ మార్చాను, వరుస సరిచేశాను, బ్యానర్ ప్రింటుకి పంపించాను. బావ తిరిగొచ్చి, నమ్మకం లేక, తన చేత్తోనే స్విచ్ ఆపి, దణ్ణం పెట్టుకుని వేశాడు. మెనూ వచ్చింది. "నీకు ఉజ్జోగం రాపోతే ఇంకెవుడికొత్తాది బావా!" అని నా భుజం పట్టుకుని ఊపేశాడు. ఆ ఏడాదంతా ఆ మాట ఎవరూ అనలేదు నాతో. నాకు కళ్ళు చెమర్చాయి, దుమ్మని చెప్పి తుడుచుకున్నాను.

రాత్రి స్టేజీ వెనక బ్యానర్ ధగధగలాడిపోయింది. బావ తన ప్రతి బ్యానర్ మీదా కుడివైపు మూల షాపు పేరు, ఆ పక్కన తేదీ వేస్తాడు. తేదీ కంప్యూటరే చూసి వేసుకుంటుంది. కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం కూడా వెనక్కి వెళ్ళిపోయిందనీ, బూట్ డ్రైవ్ గెలిచిన సంబరంలో నేను తేదీ దిద్దలేదనీ తాళి కట్టే వేళకి పెళ్ళికొడుకు మేనమామ పెద్దగా చదివితే గానీ ఎవరికీ తెలియలేదు. బ్యానర్ ప్రకారం ఆ పెళ్ళి మా షాపు కంప్యూటర్ పుట్టిన ఏడాది జనవరి ఒకటిన జరిగింది. అప్పటికి పెళ్ళికూతురు ఆరో క్లాసు. మిగతా రాత్రంతా బావ ఆ మూలకి అడ్డంగా నిలబడ్డాడు, అందుకే పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ వధూవరుల పక్కన ఆయన ఉంటాడు.

ఇప్పుడు నేను మధురవాడలో ఒక కంపెనీ సర్వర్లు చూసుకుంటున్నాను. ఏ మిషన్ మొరాయించినా ముందు దాని గడియారం చూస్తాను. బావ చెల్లెలు మాత్రం ఏటా జనవరి ఒకటిన ఫోన్ చేస్తుంది. "బావా, మా పెళ్ళిరోజు మర్సిపోయేవేటి?" అంటుంది, వెనక నుంచి వాళ్ళాయన నవ్వు వినిపిస్తుంది. శుభాకాంక్షలు చెప్పి ఫోన్ పెట్టేశాక, ఒళ్ళో రేకుమూత పెట్టుకుని దాంతో పంతానికి దిగిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఇప్పుడు నాకు తెలియనివి చాలా ఉన్నాయి. వాడికి ఒక్క తేదీ తప్ప అన్నీ తెలుసు.