మొదటి తప్పుల డబ్బా

మూత తీయగానే ఇంగువ వాసన గుప్పుమంది. ఒకప్పుడు అందులో పులిహోర పొడి ఉండేదట. నేనెరిగినప్పటినుంచీ మాత్రం అందులో ఉన్నవి పాత ఫోన్లే. విశాలాక్షి ఆంటీ పోయిన మూడో నెలలో వాళ్ళమ్మాయి ఆ డబ్బా నా చేతిలో పెట్టి, "అమ్మ ఇది మీకు ఇవ్వాలి చెప్పింది" అంది, ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులో. పైనే ఉంది, అద్దం పగిలిన నల్ల ఫోను. దాన్ని చూడగానే గుర్తుపట్టాను.

ఆంటీ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా పక్కింటివారు. ఫోన్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. "ముప్పయ్యేళ్ళు ఫోన్లు కిందపడేసి జీతం తీసుకున్నానయ్యా, ఇప్పుడు గిన్నె జారిపడినా ఓవర్‌టైమ్ చేసినట్టుంటుంది" అనేవారు. నేను కొత్తగా వచ్చి కారంటే వణికే రోజుల్లో, నాలుగు వైపులా సొట్టలున్న తమ కారులో ఖాళీ పార్కింగ్ లాట్‌కి తీసుకెళ్ళారు. అంత మైదానంలో ఉన్న ఒక్క దీపస్తంభాన్నీ వెతుక్కుంటూ వెళ్ళి గుద్దాను. ఆవిడ దిగి, సొట్టని వేలితో తడిమి చూసి, "మొదటి తప్పు అయిపోయింది. ఇక నీ కారు కొనుక్కోవచ్చు" అన్నారు.

నాది తీపి శరీరం. చిన్నప్పటినుంచీ ఇన్సులిన్ మీదే బతుకు. చేతికి అంటించుకున్న సెన్సర్ రక్తంలో చక్కెర ఎంతుందో ఫోన్‌కి చెబుతుంది. మరీ పడిపోతుంటే ఫోన్ అరవాలి. ఒక మధ్యాహ్నం శాంటా క్లారా ఆఫీసునుంచి ఇంటికి వస్తుంటే, ఫ్రీవే మీద ఎగ్జిట్ బోర్డులోని అక్షరాలు జారిపోవడం మొదలెట్టాయి. ఎలాగో కారు పక్కకి తీశాను. జ్యూస్ డబ్బాకి స్ట్రా గుచ్చడానికి నాలుగుసార్లు పట్టింది. ఫోన్ ప్రశాంతంగా ఉంది. బ్యాటరీ మిగుల్చుదామని ఆ సెన్సర్ యాప్‌ని గంట క్రితమే నిద్రపుచ్చిందట. నన్ను కూడా నిద్రపుచ్చబోయిన పొదుపు అది.

సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా, ప్రతి అప్‌డేట్ తర్వాతా మళ్ళీ మొదటికే వచ్చేవి. చివరికి ఫోన్‌ని రూట్ చేద్దామనుకున్నాను. అంటే, తయారుచేసినవాళ్ళు తమ దగ్గరే ఉంచుకున్న తాళంచెవిని మనం లాక్కోవడం. ఆ తర్వాత ఏ యాప్ పడుకోవాలో, ఏది మేలుకోవాలో మన ఇష్టం. కానీ లోపలున్నదంతా చెరిగిపోతుంది. వారంటీ పోవచ్చు, బ్యాంకు యాప్ అలగవచ్చు. ఆ తాళంచెవి దొంగ యాప్‌కి దొరికితే ఇల్లంతా దానిదే. ఒక్క అడుగు తప్పితే ఫోన్ ఇటుకరాయి. అవన్నీ చదివి భయపడ్డాను. ఎగ్జిట్ బోర్డు తలుచుకుని ఇంకా భయపడ్డాను. రెండు భయాలనూ వెంటబెట్టుకుని శనివారం పొద్దున్నే ఆంటీ ఇంటికి వెళ్ళాను.

ఆవిడ అంతా విని, డబ్బా దింపి, నా ఫోన్ చేసిన కంపెనీదే, అద్దం పగిలిన నల్లటి పాత మోడల్ ఒకటి తీసి ఇచ్చారు. "మొదటి తప్పు దీని మీద చేయి."

మధ్యాహ్నానికల్లా అది నాకు దాసోహమంది. కాలర్ ఎగరేసుకుంటూ అందులో షుగర్ యాప్ పెట్టి తెరిచాను. తెల్లటి తెర మీద ఒకే వాక్యం వచ్చింది: మార్పులు చేసిన ఫోన్‌లో ఈ యాప్ పనిచేయదు. ఆ పని నా ఫోన్ మీదే చేసుకుని ఉంటే, సోమవారం గుడ్డివాడిలా ఫ్రీవే ఎక్కేవాణ్ణి. రూటు దొరికింది గానీ ఊరు దొరకలేదు.

"రూట్ చేసిన సంగతి యాప్‌కి తెలియకుండా దాచొచ్చట ఆంటీ" అన్నాను.

"దాస్తావు. రేపు యాప్ అప్‌డేట్ అయి కనిపెట్టేస్తుంది. అప్పుడు నువ్వు డ్రైవింగ్‌లో ఉంటే?" నా చేతిలోని ఫోన్ తీసి పక్కన పెట్టారు. "సెన్సర్‌తో విడిగా అలారం పెట్టె ఇస్తారుగా. అదేదీ?"

అది డ్రాయర్లో ఉంది. నడుముకి తగిలించుకుంటే ఆఫీసులో అందరూ ఏమిటని అడుగుతారు. ఫోన్ అయితే ఎవరూ అడగరు. నా జబ్బు సంగతి మేనేజర్‌కి తెలిస్తే తర్వాతి లేఆఫ్‌లో మొదటి పేరు నాదేనని, ఉద్యోగం పోతే హెచ్‌వన్‌బీ వీసా కూడా పోతుందని ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. అదంతా ఆవిడకి తల వంచుకుని చెప్పాను.

"పక్క సీటువాడికి తెలియకపోతే, నువ్వు తూలుతున్నప్పుడు తాగొచ్చావనుకుంటాడయ్యా" అని, ఆంటీ నా ఎదురుగా కుర్చీ లాక్కుని చేతులు కట్టుకు కూర్చున్నారు. "నేనే మీ మేనేజర్‌ని. చెప్పు. మొదటి తప్పు నా మీద చేయి."

మొదటిసారి వాతావరణం గురించి మాట్లాడాను. రెండోసారి సారీతో మొదలుపెట్టాను. "సారీ ఎందుకు? జబ్బుని నువ్వేమన్నా కొనుక్కొచ్చావా?" అన్నారు. మూడోసారి తడబడ్డాను గానీ మాట పూర్తయింది.

సోమవారం మేనేజర్ గదిలో చేతులకి చెమటలు పట్టాయి. చక్కెర పడిపోతోందేమోనని అనుమానమొచ్చి నడుముకి తగిలించుకున్న పెట్టె చూసుకున్నాను. చక్కెర బాగానే ఉంది, అది ఉత్త భయమే. ఆయన విని, జ్యూస్ ఎక్కడ పెడతావని అడిగి రాసుకున్నారు. ఆ వారమే పక్క సీటువాళ్ళకీ చెప్పాను. ఆ తర్వాత వచ్చిన లేఆఫ్‌లో నా పేరు లేదు. వచ్చేదాంట్లో ఉండదని చెప్పలేను.

ఇప్పటికీ ఫ్రీవే ఎక్కేముందు నడుము తడుముకుంటాను. నిన్న మీటింగ్‌లో పెట్టె అరిచింది. నేను తలెత్తేలోపే పక్క సీటు అమ్మాయి తన మాట ఆపకుండానే జ్యూస్ డబ్బా నా ముందుకి జరిపింది. స్ట్రా అప్పటికే గుచ్చి ఉంది.